భుజం మీద మూడో చెవి

మా ఆయనతో కొత్తగా మాట్లాడినవాళ్లంతా "ఎంత మంచి మనిషండీ, ఏం చెప్పినా కాదనడు" అని మెచ్చుకుంటారు. మెచ్చుకోరూ మరి! వినపడితే కదా కాదనడానికి. ఉప్పు అయిపోయిందండీ అన్నా తల ఊపి నవ్వుతాడు, ఇల్లు కూలిపోతోందండీ అన్నా తల ఊపి నవ్వుతాడు. ఒక ఆదివారం చర్చి బయట ఎవరో పాపం తమ తండ్రి పోయాడని చెప్పుకుంటే, మా ఆయన అదే నవ్వు నవ్వి "మంచిగైంది" అన్నాడు. నేను పక్కనుండి కాలు తొక్కి, ఆ మనిషికి సర్దిచెప్పేసరికి నా ప్రాణం పోయినంత పనైంది.

ఆయన పేరు నోవహు. రెజిమెంటల్ బజార్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ట్రంకు పెట్టెలు చేసేవాళ్లు. మిలటరీవాళ్లు బదిలీల మీద వెళ్లేటప్పుడు పేరూ నంబరూ తెల్లరంగుతో రాయించుకుని రైలెక్కించే నల్లపెట్టెలు. రేకును దిమ్మె మీద పెట్టి సుత్తితో మూలలు మడిచే పని మా ఆయనది. ఆయన మడిచిన మూలలో సూది కూడా దూరదని పేరు. పెళ్లి కాకముందే ఆ షెడ్డులో చేరాడు, నేను చెబుతున్న తొంభైల నాటికీ అక్కడే ఉన్నాడు.

నన్ను గుంటూరు దగ్గర నుంచి తెచ్చి చిలకలగూడలో పడేశారు. ఈ ఊరి మాట అర్థమయ్యేది కాదు, నీళ్లు పడేవి కాదు, తెల్లారకముందే రైలు కూతలు. ఎప్పుడు పుట్టింటికి పారిపోదామా అని చూస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం ఈయన చర్చిలో లేచి నిలబడి కీర్తన ఎత్తుకున్నాడు. మా చర్చి హార్మోనియం తిత్తిని ఎలుకలు కొట్టేశాయి. నోవహు గొంతే అందరికీ శృతి. ఆయన అడుగు నుంచి మెల్లగా ఎత్తుకుంటే మగవాళ్లు అందుకునేవాళ్లు, ఆనక ఆడవాళ్లు, ఆనక పిల్లలు. నిద్రలో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుండేది నాకు. ఇక పారిపోలేదు. మెట్టుగూడ బడిలో పంతులమ్మగా చేరి, మూడో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఇక్కడిదాన్నే అయిపోయాను.

ఆ మనిషికి చెవులు ఎప్పుడు పోవడం మొదలైందో ఇద్దరికీ తెలియలేదు. ముందు కుక్కరు ఈల పోయింది. తర్వాత పిచ్చుకలు పోయాయి. ఆ తర్వాత నేను పోయాను. నా గొంతు సంగతి మెట్టుగూడలో ఎవరినడిగినా చెబుతారు, నేను ఎక్కాలు చెప్పిస్తుంటే వీధి చివర బండివాడు కూడా వల్లెవేస్తాడు. అలాంటి నేను వంటింట్లోంచి అరిస్తే ఈయన వాకిట్లో కూర్చుని గాలికి కొబ్బరాకులు కదలడం చూస్తూ ఉండేవాడు. నేను ఎదురుగా వెళ్లి నిలబడితే, తల ఊపి నవ్వేవాడు. కోపం రాదూ! ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

చివరికి చెవుల డాక్టరు దగ్గరకు లాక్కుపోయాను. ఆయన ఒక గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏవో తగిలించి, కీచు గొంతు నుంచి బొంగురు గొంతు దాకా రకరకాల ధ్వనులు వినిపించి గీత గీశాడు. పై శృతులన్నీ పోయాయమ్మా అన్నాడు. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు, పిట్టల కూత అన్నీ అందులోనే. కింది శృతులు మిగిలాయి: మగవాళ్ల మాట, రైలు, ఆయన సొంత గొంతు. పోయినవి ఎటూ రావు. సుత్తి పట్టుకుని అదే చప్పుడులో ఉంటే ఈ మిగిలినవీ పోతాయి, అప్పుడు తన పాట తనకే వినపడదు అన్నాడు. "ఉన్నది నిలవాలంటే ఇప్పుడే ఆ చప్పుడులోంచి బయటికి తీసుకురండి" అన్నాడు. బస్సులో వస్తుంటే ఆయన కిటికీలోంచి చూస్తూ ఏదో కీర్తన కూనిరాగం తీస్తున్నాడు, శృతి ఎక్కడా తప్పలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు షెడ్డు యజమాని సదాశివ సేఠు దగ్గరకు వెళ్లాను. "మా ఆయన్ని రంగుల గదిలోకి మార్చండి సేఠ్, అక్కడ చప్పుడుండదు" అన్నాను.

"మేడమ్, నోవహు రంగులేసుకుంట కూసుంటె మూలలెవలు మడుస్తరు? పెట్టె మూత పడొద్దా?" అన్నాడు సేఠు. "అయినా మా షెడ్డుల గంత చప్పుడేం లేదు. నేను సుత రోజు ఈడనే ఉంట. నా చెవులు మంచిగనే ఉన్నయి గద."

ఉండవూ? ఆయన కూర్చునేది అద్దాల గదిలో, తలుపేసుకుని, ఫ్యాను కింద. ఆ మాటే మొహం మీద అన్నాను. సేఠు చెడ్డవాడు కాదు, కొంచెం సిగ్గుపడ్డాడు. కార్మికుల ఆరోగ్యం చూసే సర్కారు విభాగంవాళ్లు మిషన్లు తెచ్చి షెడ్డుల్లో చప్పుడు కొలుస్తున్నారనీ, వచ్చే వారం ఇక్కడికీ వస్తున్నారనీ చెప్పాడు. "గా మిషన్ ఎక్కువ జూపిస్తె నోవహును మారుస్త. జబాన్ ఇస్తున్న. తక్కువ జూపిస్తె మాత్రం నన్ను పరేషాన్ చెయ్యొద్దు." సరే అన్నాను. అప్పటి నుంచి నా ప్రార్థనంతా ఒక్కటే, ఆ మిషను ఎక్కువ చూపించాలని.

మిషన్ తెచ్చినామె పేరు ప్రేమమణి. చిన్నపిల్ల, బక్కగా ఉంటుంది, ఎంత విసిగించినా విసుక్కోదు. ఆ రోజు బడికి ఆలస్యమవుతుందని చెప్పి నేనూ షెడ్డుకు వెళ్లాను. పని ఇంకా మొదలవలేదు. మిషనంటే నేను ఇస్త్రీ బండంత ఊహించుకున్నాను. తీరా చూస్తే జేబు రేడియో అంత పెట్టె. దాన్ని ఆయన నడుం బెల్టుకు తగిలించింది. దాని నుంచి సన్నటి తీగను చొక్కా లోపలి నుంచి పైకి లాగి, కొసన ఉన్న చిన్న మైకును భుజం మీద, చెవికి జానెడు దూరంలో పెట్టింది. మైకుకు నల్ల స్పాంజి టోపీ.

"గోడకు తగిలించరాదూ? పని చేసుకునే మనిషికి ఇదంతా అడ్డం కదా" అన్నాను.

"గోడకు పెడితే గోడకెంత వినపడుతుందో తెలుస్తుంది ఆంటీ. అంకుల్ ఒకచోట ఉండరు కదా, వంగుతారు, లేస్తారు, పక్కవాళ్ల దగ్గరకు వెళ్తారు. ఆయనతో పాటు ఇదీ తిరగాలి. ఆయన చెవి తినేదంతా ఇదీ తినాలి."

"మాటలు రికార్డు చేస్తుందా?"

"లేదు. ఎంత చప్పుడో అంతే పట్టుకుంటుంది. ఏం మాటో దానికి తెలియదు."

"అయితే అచ్చం మా ఆయనే" అన్నాను. ప్రేమమణి నవ్వాపుకోలేకపోయింది. నవ్వుతున్నారు కదా అని మా ఆయనా నవ్వాడు.

దాని లెక్క మాత్రం నాకు మింగుడుపడలేదు. రోజుకు చెవికి ఇంత అని ఒక వాటా ఉందట. తొంభై డెసిబెల్స్ చప్పుడైతే ఎనిమిది గంటలు పనిచేసేసరికి ఆ వాటా నూటికి నూరు నిండుతుంది. తొంభై అయిదైతే నాలుగు గంటలకే నిండిపోతుంది. నూరైతే రెండు గంటలకే. అయిదు పెరిగితే సగమైపోవడమేమిటి, ఇదెక్కడి లెక్కమ్మా, మా మూడో తరగతి పిల్లలు ఇలా చేస్తే గోడకుర్చీ వేయిస్తాను అన్నాను. డెసిబెల్ అనేది కిలోల్లాగా కూడుకునేది కాదు ఆంటీ, అంకె చిన్నగా పెరిగినా చెవికి తగిలే దెబ్బ చాలా పెరుగుతుంది అని ఓపిగ్గా చెప్పింది. బొంగురు చప్పుళ్లు మనిషి చెవికి తక్కువగా తగులుతాయి కాబట్టి ఈ పెట్టె కూడా వాటిని తక్కువ చేసి లెక్కేసుకుంటుందట. ప్రతి నిమిషం ఎంత చప్పుడో దాచుకుంటూ, రోజు చివరికి వాటాలో ఎన్ని పాళ్లు నిండాయో చూపిస్తుంది. మధ్యలో ఎవరూ వేలు పెట్టకుండా బటన్లకు తాళం.

చివరగా, మైకు సరిగ్గా ఉందో లేదో చూడాలని టోపీ తీసి, ఒక చిన్న గిన్నెలాంటి దాన్ని దాని మీద బోర్లించి మీట నొక్కింది. లోపల సన్నగా, తెగకుండా ఒకటే స్వరం. ఎంత చప్పుడు రావాలో ముందే తెలిసిన స్వరమట అది. మీటరు దాన్ని సరిగ్గా చూపిస్తే మిగతావీ సరిగ్గా చూపిస్తున్నట్టే. సాయంత్రం మళ్లీ ఒకసారి ఇలాగే చూస్తుంది. తన భుజం మీద మోగుతున్న ఆ స్వరం మా ఆయనకు ఎంత అందిందో ఏమో, కళ్లు మూసుకుని, దానికి కింది శృతిని గొంతులో పట్టుకున్నాడు. పైన ఆ స్వరం, కింద ఈయన. షెడ్డులో సుత్తులు అందుకోబోతున్నవాళ్లంతా అలాగే నిలబడిపోయారు. ప్రేమమణి మీట మీద వేలు అలాగే ఉంచేసింది. నేను బడికి బయల్దేరి, వీధి మలుపు దాకా వెనక్కి చూసుకుంటూనే నడిచాను.

సాయంత్రం వానలో తడిసి ఇంటికి వచ్చాడు. తల తుడుచుకోమని తువ్వాలు ఇస్తే అది చేత్తో పట్టుకుని గడపలోనే నిలబడ్డాడు. కళ్లు ఎక్కడో ఉన్నాయి.

"మేబెలూ, ఇయ్యాల షెడ్డుల పావురాలు గూసినయి" అన్నాడు.

తువ్వాలు ఆయన చేతిలోంచి తీసుకున్నాను.

"గిన్నేండ్ల సంది గా రేకుల కింద పావురాలున్నయని రెట్టలు జూసి ఎరుకె గని, గొంతెప్పుడు ఇనలే. లోపల్నించి గుడుగుడుమంటయి. ఒగటి అంటది, జెర ఆగి ఇంగోటి జవాబిస్తది. గట్ల ఇనుకుంటనే ఉన్న. నడిమిట్ల వాన షురువైంది. ముందుగాల ఒక్క సుక్క, మల్లొక సుక్క, ఆనక రేకులన్ని మోగినయి. సుత్తి చేతుల వట్టుకొని గట్లనే నిలవడ్డ. ఎవ్వలేమనలే. మా మేస్త్రీ బ్రహ్మచారి సుత మీదికే సూస్తుండె. నిద్రల ఉన్ననా, మెల్కువ ఉన్ననా సమజ్ గాలే."

జలప్రళయంలో ఓడలోంచి పావురాన్ని వదిలిన నోవహు పేరే కదయ్యా నీది, పావురం కోసం ఎదురుచూడ్డం నీకు మామూలే అని వెక్కిరించాలనిపించింది కానీ, ఆ మొహం చూసి మనసొప్పలేదు. ఆయన అలాగే మెట్టు మీద కూర్చున్నాడు. స్టేషన్ వైపు నుంచి ఏదో రైలు వస్తుందని చెప్పే గొంతు వాన గాలిలో తేలి వస్తోంది, ఊరి పేర్లు సగం సగం వినపడుతున్నాయి. ఆయన చిన్నగా పాడుకుంటున్నాడు. నేను వెనక తువ్వాలుతో ఆయన తల తుడుస్తూ, ఇన్నాళ్లూ ఈ మనిషి నీళ్ల అడుగున ఉండి, ఇవాళే పైకి తేలాడా అనుకున్నాను. షెడ్డులో పావురాలు వినపడడమేమిటి, సుత్తులు ఏమయ్యాయి అని అడగాలన్న బుద్ధే పుట్టలేదు.

వారం తిరక్కుండానే సేఠు కబురు పెట్టాడు. వెళ్లేసరికి అద్దాల గదిలో ప్రేమమణి ఒక కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది, మొహం ముడుచుకుని ఉంది. సేఠు మొహం మాత్రం వెలిగిపోతోంది.

"సూసిన్రా మేడమ్? నూటికి ముప్పై ఎనిమిదంట! సగం సుత నిండలే. నేను ముందే చెప్పిన, మా షెడ్డుల చప్పుడే లేదని."

బయటికి వస్తే మేస్త్రీ బ్రహ్మచారి టీ గ్లాసు, దాని మీద ఉస్మానియా బిస్కెట్టు పెట్టుకుని ఎదురొచ్చాడు. ఆయన తాతలు కమ్మరి పనివాళ్లు. మా ఆయనంటే తోడబుట్టినవాడికంటే ఎక్కువ.

"తీస్కో వదినా, నోరు తీపి జేస్కో. అన్నను పాస్ జేయించినం!"

"పాసా? ఏం పాసు?"

"గదే, మెడికల్. మస్తు తక్లీఫ్ వడ్డం తెలుసా? దిమ్మెల కింద ఇస్క సంచులు వెట్టినం. ఇనుప సుత్తులు పక్కకు వెట్టి చెక్క సుత్తులు వట్టినం. రివిట్ల పని మొత్తం తెల్లారికి వెట్టుకున్నం. ఎవ్వడన్న గట్టిగ కొడితె బిడ్డా సంపుత అని చెప్పిన. అన్న మీద మిషన్ ఉన్నది గద, నంబర్ ఎక్కువొస్తె అన్‌ఫిట్ అని రాసి ఇంట్ల కూసోవెడ్తరు. మా బాపు ఇంజిన్ మీద పన్జేస్తుండె. కండ్ల పరీక్షల అన్‌ఫిట్ అన్నరు, గాయిన మల్ల మనిషి గాలే. అన్నకు గట్ల కానిస్తమా?"

ఇది రైళ్ల ఊరు. మా వీధిలో ప్రతి రెండో ఇంట్లో రైలు ఉద్యోగం; మెడికల్ అంటే పాసవ్వాలి, అన్‌ఫిట్ అంటే బతుకు ఆగిపోయినట్టు. షుగరు పరీక్షకు ముందు వారం స్వీట్లు మానేసి, అంకె తక్కువొచ్చిందని పండగ చేసుకునే జాతి మనది. మనిషిని కాదురా కొలిచేది, చప్పుడును అని వీళ్లకు ఎవరు చెప్పాలి! అప్పుడు తెలిసింది ఆ పావురాలు ఎక్కడి నుంచి వచ్చాయో. ఇంతమంది ఒక్క మనిషి మీది ప్రేమతో రోజంతా ఊపిరి బిగబట్టి పనిచేశారు, ఆ ప్రేమే ఆయన చెవులకు ఉరి బిగించింది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఇదేనయ్యా!" అని అరిచాను. నా గొంతుకు నిజంగానే పావురాలు లేచిపోయాయి. "ఫెయిల్ కావాలయ్యా బ్రహ్మచారీ! అంకె ఎక్కువొస్తేనే ఆయన్ని ఇక్కణ్నుంచి మారుస్తారు. తక్కువొచ్చింది, ఇంకేముంది, మిగిలిన ఆ కాస్త వినికిడి కూడా ఈ దిమ్మె మీదే పెట్టి కొట్టెయ్యండి!"

బ్రహ్మచారి టీ గ్లాసు కింద పెట్టేశాడు. మా ఆయన దిమ్మె దగ్గర నుంచి నా వంక చూసి, ఎప్పట్లాగే తల ఊపి నవ్వాడు. ఏడుస్తున్నానని కూడా తెలియలేదు ఆ మనిషికి. బ్రహ్మచారి వెళ్లి ఆయన పక్కన నిలబడి తన బొంగురు గొంతుతో మెల్లగా అంతా చెప్పాడు. చెబుతుంటే చెబుతుంటే మా ఆయన మొహంలో నవ్వు ఆరిపోయింది. ఆ మొహం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో నేను ఎన్నో ఏళ్ల తర్వాత చూశాను.

ప్రేమమణి గుమ్మంలో నిలబడి అన్నీ విన్నది. "నాకు అనుమానమే ఆంటీ" అంది. చేతిలోని కాగితం చూపించింది. పెట్టె దాచుకున్న నిమిషాలన్నీ కంప్యూటరు ఒక గీతగా గీసిందట. "భోజనం వేళ గీత ధబ్‌మని పడిపోవాలి. ఇక్కడ పొద్దున్నించి సాయంత్రం దాకా భోజనం వేళలాగే ఉంది." తర్వాత సేఠు వైపు తిరిగి, "మీటరు తప్పు చెప్పలేదు సర్. ఆ రోజు ఇక్కడున్న చప్పుడే అంత. ఇంకోసారి కొలుస్తాను. ఈసారి మామూలుగా పనిచేయమనండి" అంది. సేఠు గొణిగాడు కానీ, తన పనివాళ్లు తన ముందే ఒప్పుకున్నాక ఏమంటాడు?

రెండోసారి కొలిచిన రోజు నేను బడికి సెలవు పెట్టి షెడ్డులో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను. పెళ్లయి ఇన్నేళ్లయినా, పని జరుగుతుండగా అక్కడ అంతసేపు ఎప్పుడూ ఉండలేదు. మొదటి సుత్తి పడగానే పళ్లు జివ్వుమన్నాయి. కాసేపటికి చప్పుడు చప్పుడులా లేదు, ఒంటిని పట్టి ఊపే చెయ్యిలా ఉంది. మనుషుల నోళ్లు కదులుతున్నాయి, మాటలు లేవు. సుత్తులు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి, అందరూ కలలో పనిచేస్తున్నట్టు. ఆ మధ్యలో మా ఆయన వంగి, భుజం మీద ఆ నల్ల స్పాంజి ఉండతో, మూలలు మడుస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. పాడుతున్నాడని నాకు తెలుసు. ఎవరికీ వినపడని పాట.

ఇంటికి వస్తుంటే నా చెవుల్లో కీచురాయి మొదలైంది. రోడ్డు మీద బళ్లు దూదిలో నడుస్తున్నాయి, కీచురాయి మాత్రం ఆగదు. వాకిట్లో కూర్చున్నాక ఆయనకు సైగ చేసి చెప్పాను, చెవిలో ఏదో కూస్తోందండీ అని.

"నీకు సుత వచ్చిందా?" అన్నాడు. "పొద్దుగాలకు పోతది, ఫికర్ జెయ్యకు. నాది పోదు. లేచినప్పుడు ఉంటది, పండుకున్నప్పుడు ఉంటది. మొదట్ల పురుగు జొచ్చిందనుకున్న. ఇప్పుడు దాని శృతి సుత నాకెరుకె." అదేదో ఇంట్లో పెంచుకుంటున్న పిల్లి గురించి చెప్పినట్టు చెప్పాడు. ఇన్నాళ్లూ ఆయన ఆకుల కదలిక చూస్తూ కూర్చుంటే నిశ్శబ్దంగా ఉందనుకున్నాను. ఆయనకు నిశ్శబ్దం అనేదే లేదని ఆ సాయంత్రం తెలిసింది. నా చెవి కీచురాయి తెల్లారేసరికి పోయింది. పోయినందుకు కూడా బాధపడ్డాను.

ఈసారి అంకె నాలుగు వందలు దాటింది. ఒక్క రోజులో నాలుగు రోజుల వాటా! ప్రేమమణి రెండు కాగితాలూ సేఠు బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఒకదాని మీద గీత పడుకుని ఉంది, రెండోదాని మీద లేచి కూర్చుని, భోజనం వేళ ఒక్కసారి కిందపడి మళ్లీ లేచింది. నూరు దాటితే తగ్గించి తీరాలి, అది నా మాట కాదు, చట్టం మాట అని చెప్పింది. నేను ఊరుకుంటానా? "ఈ గీతా మీ షెడ్డుదే, ఆ గీతా మీ షెడ్డుదే సేఠ్" అన్నాను. "దేవుడొచ్చి చేసింది కాదు కదా, మీ మేస్త్రీ ఇసుక సంచులతో చేశాడు."

సేఠు ఆ మెత్తటి రోజున చేసిన పెట్టె ఒకటి తెప్పించాడు. మూత వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. మూలల మీద బొటనవేలు పెట్టి చూసుకున్నాడు. "మూలలు మంచిగనే వచ్చినయి" అన్నాడు, ఒప్పుకోవడం ఇష్టం లేని గొంతుతో. "గని దినానికి పెట్టెలు తక్కువైతయి." మరి రివిట్లు చెక్కతో కొట్టలేం కదా అన్నాడు బ్రహ్మచారి. చివరికి రివిట్ల పనిని వెనక రేకుల పంచలోకి తోసి అడ్డంగా గోడ కట్టించారు, మిగతా దిమ్మెల కింద ఇసుక సంచులు వచ్చాయి. చప్పుడు సోకకుండా చెవులకు పెట్టుకోమని డిప్పలు ఇస్తే, మహానుభావులు కొన్నాళ్లు వాటిని మెడలో హారాల్లా వేసుకు తిరిగారు. బ్రహ్మచారి తిట్టి తిట్టి చెవులకెక్కించాడు. మా ఆయన్ని మాత్రం సేఠు ఇచ్చిన మాట ప్రకారం రంగుల గదిలోకి మార్చాడు. నల్లపెట్టెల మీద తెల్లరంగుతో పేర్లు రాసే పని. కుర్రవాళ్లకు మూలల మడత నేర్పడానికి మాత్రం పొద్దున కాసేపు లోపలికి వెళ్లొచ్చేవాడు, చెవులకు డిప్పలతో.

నాకు ఒక పిచ్చి ఆశ ఉండేది. చప్పుడు ఆగింది కదా, చెవులు మెల్లగా తిరిగొస్తాయేమో, మొక్కకు కొత్త చిగురు రాదూ అని. చలికాలం వెళ్లాక మళ్లీ పరీక్ష చేయించాను. డాక్టరు పాత గీత మీద కొత్త గీత పెట్టి చూపించాడు. రెండూ ఒకటే. ఇంకేం పోలేదమ్మా, సంతోషించు అన్నాడు. ఉన్నది నిలిచింది. ఆదివారం కీర్తన ఇంకా నోవహే ఎత్తుకుంటాడు. నిజమే, దేవుడికి స్తోత్రం. అయినా నిలిచిన వాటిలో నేను లేను కదా.

మా ఊళ్లోనే వేరే షెడ్డుకు వచ్చిన ప్రేమమణి ఒకరోజు ఇంటికి వచ్చింది. ఆమె ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాను. "ఆ పెట్టె లోపలికి ఎంత పోయిందో కొలుస్తుంది ఆంటీ, పోయింది తిరిగి తేవడం దాని చేతిలో లేదు" అంది. తర్వాత కాస్త మొహమాటపడి, "ఒకటి చెప్పనా? మీరు అరిచేకొద్దీ మీ గొంతు పైకి పోతుంది. అంకుల్‌కు పోయింది ఆ పై గొంతే. గట్టిగా వద్దు. ఎదురుగా కూర్చుని, గొంతు కిందికి దించి, మెల్లగా మాట్లాడి చూడండి" అంది.

గొంతు దించడమంటే మాటలా! ఈ వయసు దాకా పెంచిన గొంతు ఇది. బడిలో సాధన చేస్తే పిల్లలు టీచరుకు జలుబు చేసిందనుకున్నారు. వంటింట్లో గిన్నెలతో మాట్లాడాను. ఎంత దించినా మధ్యలో కోపం వచ్చేది, కోపం రాగానే గొంతు పైకి ఎగిరిపోయేది. చాలా రోజులు పట్టింది.

ఒక సాయంత్రం ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతి వేళ్లకు తెల్లరంగు. ఎండ పోయి, వీధి అంతా ఒక రకమైన పసుపు వెలుగు. స్టేషన్‌లో ఇంజన్లు రైలు పెట్టెలు మార్చుకుంటున్న చప్పుడు ఎక్కడి నుంచో వస్తోంది. నేను వెళ్లి ఎదురుగా కింది మెట్టు మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో అనుకుని రాలేదు. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, గొంతు ఎంత కిందికి పోతుందో అంత కిందికి దించాను.

"ఏమండీ, ఇన్నాళ్లూ అరిచింది కోపంతో కాదండీ. భయం. మీరు ఈ ఇంట్లోనే ఉండి నాకు దూరమైపోతున్నారని భయం. మీరు లేకుండా నాకు ఈ ఊళ్లో ఎవరున్నారు?"

తల ఊపుతాడనుకున్నాను. ఊపలేదు. నవ్వలేదు. నా పెదాల వంక కాదు, కళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు.

"వినపడలేదా?" అన్నాను.

"ఇనవడ్డది" అన్నాడు. మోకాలి మీద ఉన్న నా చేతిని పట్టుకున్నాడు. "ప్రతి మాట ఇనవడ్డది మేబెలూ. మల్లొక్కపారి చెప్పు."

నేను మళ్లీ చెప్పాను.